పౌడరు డబ్బాలో పతకాలు: వైమానిక దళ మెడికల్ ఆర్డర్లీ శౌర్య పురస్కారం గురించి ఆరా తీయడం ఎలా

మా వీధి చివరింటివాళ్లు ఒకసారి పాత పౌడరు డబ్బా పట్టుకొచ్చారు. అందులో నాలుగు పతకాలు, రంగు వెలిసిన రిబ్బన్లు. ఆ ఇంటి పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో నర్సింగ్ ఆర్డర్లీగా, అంటే గాయపడినవాళ్లను చూసుకునే సహాయకుడిగా చేశారట. ఇప్పుడాయన లేరు. "ఇవన్నీ ధైర్యానికి ఇచ్చినవే" అని ఇంట్లో చెప్పుకుంటూ వస్తున్నారు. తీరా చూస్తే 1939–45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. నాలుగూ సేవా పతకాలే. ఆ మాట చెప్పగానే మనవడి మొహం చిన్నబోయింది. కానీ వార్ మెడల్ రిబ్బన్‌కి గోరంత కంచు ఆకు ఒకటి అంటుకుని ఉంది. విరిగిన పిన్నీసు ముక్కేమో, పీకేద్దామనుకున్నానన్నాడు. ఆ ఓక్ ఆకే అసలు సంగతి. సేనాధిపతి పంపే యుద్ధ నివేదికలో పేరెత్తి మెచ్చుకున్న మనిషికి అది గుర్తుగా ఇస్తారు. పతకం కాదు, అయినా ఆ డబ్బాలో ధైర్యానికి దక్కి ఉండగలిగింది అదొక్కటే.

అలాంటి డబ్బా మీ ఇంట్లోనూ ఉంటే ఏ వరసలో వెతకాలో చెబుతాను. మెడికల్ ఆర్డర్లీల విషయంలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. పైలట్ల మీద పుస్తకాలు బోలెడు వచ్చాయి, స్ట్రెచర్ మోసినవాళ్ల మీద వచ్చినవి తక్కువ. కాబట్టి ఎక్కువ పని కాగితాల మీదే.

మొదటి అడుగు: తోమకండి

చింతపండు, బూడిద, బజార్లో దొరికే పాలిష్, ఏదీ వద్దు. వెండి మీది నలుపు పతకాన్ని పాడుచేయదు. తోమితే మాత్రం అక్షరాలు అరిగిపోతాయి. రిబ్బన్ని ఉతకొద్దు, కొత్తది కుట్టొద్దు. ముందు పతకానికి రెండు వైపులా, అంచు చుట్టూ ఫొటోలు తీయండి. అంచు ఫొటోకి కిటికీ పక్కన వెలుతురు వాలుగా పడేలా పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా నీడలో తేలతాయి.

పతకాలన్నీ ఒకే బద్దెకు కుట్టి ఉంటే ఆ వరసను చెదరగొట్టకండి. ఎడమ ఛాతీ మీద పెట్టుకున్నప్పుడు అన్నిటికన్నా పెద్ద పురస్కారం ఛాతీ మధ్యకు దగ్గరగా వస్తుంది. అంటే ఎదురుగా చూసేవారికి ఎడమ చివరన ఉంటుంది. శౌర్య పతకం ఉంటే మామూలుగా అక్కడే ఉండాలి. ఇంట్లోవాళ్లు తర్వాత తమకు తోచినట్టు కుట్టిన సందర్భాలు కూడా ఉంటాయి, కాబట్టి వరసను ఆధారంగా తీసుకోండి, రుజువుగా తీసుకోకండి.

రెండో అడుగు: అంచు చదవండి, పేరు కన్నా నంబరును నమ్మండి

పతకం అంచు మీద సాధారణంగా సర్వీస్ నంబరు, హోదా, పేరు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లు, మెడళ్లు బ్రిటిష్ సిబ్బందికి పేరు చెక్కకుండానే ఇచ్చారు. భారతీయ సిబ్బందికి ఇచ్చిన వాటిమీద పేర్లు కొట్టారు. అంచు ఖాళీగా ఉన్నంత మాత్రాన పతకం నకిలీదని తేల్చేయకండి.

మన పేర్లతోనే అసలు గొడవ. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. ఎక్కడో ఉత్తరాదిలో కూర్చున్న గుమాస్తాకి ఏది ఏదో తెలియదు. ఇంటిపేరును పొడి అక్షరం చేసినవారు కొందరు, సొంతపేరును పొడి అక్షరం చేసినవారు ఇంకొందరు. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరును ఇంగ్లీషులో రాయడానికి మా ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా రాస్తాం, మద్రాసు ప్రెసిడెన్సీ నాటి భర్తీ కార్యాలయం వాళ్లు ఎన్ని రకాలుగా రాసి ఉంటారో ఊహించుకోండి. అందుకే సర్వీస్ నంబరును ముందు కాగితం మీద ఎక్కించండి. ఆ నంబరూ జీవితాంతం ఒకటే ఉండకపోవచ్చు, కింది హోదాలో చేరిన మనిషి అధికారి అయితే కొత్త నంబరు వస్తుంది. రెండూ దొరికితే రెండూ రాసుకోండి.

వైమానిక దళపు ఆసుపత్రిలో చేసినవాళ్లంతా వైమానిక దళం రికార్డుల్లోనే ఉంటారనుకోవద్దు. ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ 1943 ఏప్రిల్ 3న ఏర్పడింది. అంచు మీద ఆ కోర్ పేరు కనబడితే మీ దారి లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ రికార్డ్స్ వైపు. వైమానిక దళం నంబరే అయితే న్యూఢిల్లీ సుబ్రతో పార్క్‌లోని ఎయిర్ ఫోర్స్ రికార్డ్ ఆఫీస్ వైపు.

మూడో అడుగు: ధైర్యానికా, సేవకా?

ఇంట్లో గొడవలయ్యేది ఇక్కడే. యుద్ధ కాలంలో ఫలానా చోట ఫలానా రోజులు పనిచేసిన ప్రతివారికీ వచ్చేవి సేవా పతకాలు. ఇండియా సర్వీస్ మెడల్ అలాంటిదే, పోరు జరగని చోట మూడేళ్లు చేసినందుకు ఇచ్చారు. స్వతంత్ర భారతంలో 1965 నాటి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971 నాటి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ కూడా ఇదే కోవ. వీటిని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. శౌర్య పతకాలని చెప్పుకోకుండా ఉంటే చాలు.

శౌర్య పతకాల్లో ఒక ముఖ్యమైన గీత ఉంది: శత్రువు ఎదురుగా ఉన్నాడా, లేడా? పరమ వీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర శత్రువు ఎదుట చూపిన సాహసానికి. వీటిని 1950 జనవరి 26న స్థాపించి 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. శత్రువు ఎదుట కాని సాహసానికి 1952లో వచ్చింది అశోక చక్ర వరస. మొదట దాన్ని ఒకటి, రెండు, మూడు తరగతులుగా పిలిచారు. 1967లో వాటిని అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అని మార్చారు. పాత ఉత్తరంలో "అశోక చక్ర మూడో తరగతి" అని ఉంటే కంగారు పడకండి, ఇప్పటి శౌర్య చక్ర అదే. వాయుసేన మెడల్ 1960లో వచ్చింది. 1999 నుంచి దాన్ని శౌర్యానికి వేరుగా, విధి నిర్వహణకు వేరుగా ప్రకటిస్తున్నారు. అంతకు ముందువైతే ఏ కారణానికి ఇచ్చారో పతకం చూసి చెప్పలేం, సైటేషన్ (పురస్కారం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక వివరణ) చదవాల్సిందే.

రిబ్బన్ కొంత చెబుతుంది. వీర చక్రకు సగం ముదురు నీలం, సగం కాషాయం. మహావీర చక్రకు సగం తెలుపు, సగం కాషాయం. వాయుసేన మెడల్‌కు బూడిద, కాషాయం రంగుల సన్నని ఏటవాలు చారలు.

బ్రిటిష్ కాలానికి వెళితే ఇంకో గీత కూడా ఉంది: హోదా. శత్రువుపై ఆకాశంలో చూపిన సాహసానికి అధికారులకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్, కింది హోదాలవారికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్. నేల మీద శత్రువు ఎదుటైతే అధికారులకు మిలిటరీ క్రాస్, కిందివారికి మిలిటరీ మెడల్. పని ఒకటే, ప్రాణం ఒకటే, పతకం మాత్రం భుజం మీది పట్టీని బట్టి. 1993లో బ్రిటన్ ఈ తేడా తీసేసింది. జార్జ్ క్రాస్, జార్జ్ మెడల్‌కి మాత్రం మొదటినుంచీ ఈ పట్టింపు లేదు. 1940 సెప్టెంబర్ 24న స్థాపించిన ఈ రెండూ ప్రధానంగా శత్రువు ఎదుట కాని సాహసానికి.

మెడికల్ ఆర్డర్లీకి ఇది ఎందుకు ముఖ్యమంటే, అతను ఉండేది రన్‌వే పక్క, అంబులెన్స్ దగ్గర. అతని ఎదుటికి వచ్చేది చాలాసార్లు శత్రువు కాదు, మంటల్లో పడిన సొంత విమానం. అందుకని యుద్ధం మధ్యలో జరిగిన సాహసానికి కూడా "శత్రువు ఎదుట కాని" పతకం వస్తుంది. "యుద్ధంలో ఇచ్చారు కదా, వీర చక్రే అయుంటుంది" అని ఊహించి గెజెట్ వెతికితే దొరకదు.

నాలుగో అడుగు: గెజెట్

పురస్కారం నిజమేనని చెప్పేది గెజెట్. బ్రిటిష్ కాలపు వాటికి లండన్ గెజెట్. పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. స్వతంత్ర భారతానివి రాష్ట్రపతి సచివాలయం పేరున గెజెట్ ఆఫ్ ఇండియాలో వస్తాయి. ఇవి కాక రక్షణ మంత్రిత్వ శాఖ నడిపే శౌర్య పురస్కారాల పోర్టల్ ఉంది. భారత్ రక్షక్ అనే ఔత్సాహికుల సైట్‌లో వైమానిక దళం పురస్కారాల జాబితా ఉంది. దాన్ని ఆచూకీ కోసం వాడుకోండి. తుది మాట మాత్రం గెజెట్‌దే.

మూడు తేదీలు కలగాపులగం కాకుండా చూసుకోండి: సంఘటన జరిగిన రోజు, గెజెట్ తేదీ, పతకం చేతికిచ్చిన రోజు. వీటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు తేడా ఉంటుంది. ఇంట్లోవాళ్లకు గుర్తుండేది మూడోది, ఎందుకంటే ఫొటో దిగేది ఆ రోజే. గెజెట్‌లో వెతకాల్సింది మాత్రం రెండోది. యుద్ధ నివేదికలో ప్రస్తావనలకైతే గెజెట్‌లో ఉత్త పేర్ల జాబితానే ఉంటుంది, ఏం చేశారన్నది ఉండదు.

ఐదో అడుగు: సైటేషన్‌ను క్రియాపదాలతో చదవండి

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. నాకు బాగా తెలిసిన ఒక సైటేషన్ తీసుకుందాం. జోన్ డాఫ్నీ మేరీ పియర్సన్, 1911లో ఇంగ్లండ్‌లో పుట్టారు. యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ వైమానిక దళపు మహిళా విభాగంలో చేరి, కెంట్ జిల్లాలోని డెట్లింగ్ స్థావరంలో మెడికల్ ఆర్డర్లీ అయ్యారు. హోదా కార్పొరల్. 1940 మే 31, అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో 500 స్క్వాడ్రన్‌కి చెందిన ఏవ్రో ఆన్సన్ విమానం మహిళల బస దగ్గర్లో కూలింది. మంటలు లేచాయి. లోపల బాంబులు ఉన్నాయి.

సైటేషన్, ఆ సంఘటన గురించిన ఇతర కథనాలు కలిపి చెప్పేది ఇది: ఆమె పైలట్‌ను లేపింది, పారాచూట్ పట్టీలు విప్పింది, విమానం నుంచి దూరంగా తెచ్చింది. దాదాపు 30 గజాలు వెళ్లేసరికి 120 పౌండ్ల బాంబు పేలింది. ఆమె అతని మీద పడుకుంది, తన హెల్మెట్ తీసి అతని తలకు అడ్డుపెట్టింది. ఆ తర్వాత వైర్‌లెస్ ఆపరేటర్ కోసం మళ్లీ మంటల వైపు వెళ్లింది. అతను అప్పటికే చనిపోయి ఉన్నాడు.

ఇప్పుడు ఆ క్రియలు విడిగా చూడండి: లేపింది, విప్పింది, తెచ్చింది, కప్పింది, వెనక్కి వెళ్లింది. ఒక్క విశేషణం అక్కర్లేదు. నేనైతే ఆ చివరి క్రియ దగ్గర ఆగుతాను. మొదటిసారి వెళ్లినప్పుడు లోపల బాంబులున్న సంగతి తెలిసింది. రెండోసారి వెళ్లేసరికి ఒకటి పేలడం కళ్లారా చూసి వెళ్లింది. ఈ తేడా సైటేషన్ చెప్పదు, చదివేవాళ్లే పట్టుకోవాలి.

మీ దగ్గరున్న సైటేషన్‌తోనూ ఇదే పని చేయండి. ఒక కాగితం మీద ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు అన్నవి మాత్రం రాసుకోండి. "అసమాన ధైర్యసాహసాలు", "అత్యున్నత సంప్రదాయాలు" లాంటివి కొట్టేయండి. అవి అందరి సైటేషన్లలోనూ ఉండే మాటలు. గాయపడినవారు ఎందరు, ఎంత దూరం మోశారు, అతనికే గాయమైందా, ఎవరైనా ఆగమని చెప్పారా, ఈ నాలుగిటికీ జవాబు వెతకండి. వైద్య సిబ్బందికి జెనీవా ఒప్పందాల రక్షణ ఉంది. వాళ్ల చేతి ఆయుధం తమనూ తమ రోగులనూ కాపాడుకోవడానికే. కాబట్టి వాళ్ల సైటేషన్లో ఎందరిని చంపారన్న లెక్క కనబడదు. అది లోపం కాదు.

పియర్సన్ విషయంలోనే దీనికో చిత్రమైన ఉదాహరణ ఉంది. చిత్రకారిణి లారా నైట్ ఆమె బొమ్మ వేసినప్పుడు మొదట చేతిలో తుపాకి పెట్టింది. మహిళా విభాగం వాళ్లు ఆయుధం పట్టకూడదన్నది అప్పటి నియమం. దాంతో తుపాకి తీసేసి గ్యాస్ మాస్క్ పెట్టాల్సి వచ్చింది. ఆ చిత్రం లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. వీరులంటే చేతిలో తుపాకి ఉండాలని చిత్రకారులకే అనిపిస్తే, మన ఇళ్లలో తాతగారు "పదిమందిని కాల్చారు" అన్న కథ పుట్టడంలో వింతేముంది!

ఆరో అడుగు: స్థావరం దినచర్య పుస్తకం

సైటేషన్ ఒకవైపు కథ. రెండోవైపు స్థావరం లేదా స్క్వాడ్రన్ రోజువారీ రాసే ఆపరేషన్స్ రికార్డ్ బుక్. ఫారం 540, 541 అంటారు. బ్రిటిష్ వైమానిక దళానివి లండన్ శివారులో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎయిర్ 27 వరసలో స్క్వాడ్రన్లవి, ఎయిర్ 28లో స్థావరాలవి. పురస్కారాల సిఫారసులు ఎయిర్ 2లో వెతకాలి. గెజెట్‌లో రెండు వాక్యాలు ఉన్నచోట సిఫారసులో పేజీ నిండా వివరం ఉండొచ్చు. అధికారి ముందు పెద్ద పతకానికి సిఫారసు చేస్తే పైవాళ్లు చిన్నదానికి తగ్గించిన జాడలు కూడా అక్కడే దొరుకుతాయి.

మెడికల్ ఆర్డర్లీ పేరు స్క్వాడ్రన్ పుస్తకంలో లేకపోతే నిరాశ పడకండి. అతను స్క్వాడ్రన్ మనిషి కాదు, స్థావరం ఆసుపత్రి మనిషి. స్థావరం పుస్తకం తీయండి. పేరు లేకున్నా ఆ తేదీన విమానం కూలిందా, ఎందరు గాయపడ్డారు అన్నది ఉంటే అదే పెద్ద ఆధారం.

భారత వైమానిక దళం మనిషైతే రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు రాయండి. సర్వీస్ నంబరు, హోదా, ట్రేడ్ (చేసిన పని), చేరిన, విరమించిన సంవత్సరాలు, మీకు ఆయనతో బంధుత్వం, ఆ బంధుత్వానికి కాగితం, ఇవన్నీ మొదటి ఉత్తరంలోనే పెట్టండి. ట్రేడ్ అన్నచోట ఇప్పటి మాట మెడికల్ అసిస్టెంట్. డిశ్చార్జ్ పుస్తకంలో వేరేగా ఉంటే ఉన్నదే యథాతథంగా రాయండి. "మా తాతయ్య వివరాలన్నీ పంపగలరు" అని రాస్తే జవాబు రాదు. "ఫలానా పురస్కారం, దాని గెజెట్ తేదీ ధ్రువీకరించగలరు" అంటే వచ్చే అవకాశం ఎక్కువ. నేను ఒకసారి మొదటి రకం ఉత్తరం రాసి ఏడాది ఎదురుచూశాను. పెన్షన్ కాగితాలు చేతిలో ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు ఎలా పెట్టాలో చెబుతారు.

ఏడో అడుగు: పతకం తర్వాత మారిందేమో చూడండి

పియర్సన్ పేరు పక్కన ఇప్పుడు కనిపించేది జార్జ్ క్రాస్. ఆమెకు మొదట వచ్చింది మాత్రం అది కాదు. 1940 జులై 19 గెజెట్‌లో ఆమె పేరున ఉన్నది ఎంపైర్ గ్యాలంట్రీ మెడల్. రెండు నెలలకు జార్జ్ క్రాస్ స్థాపించి, ఆ పాత మెడల్ ఉన్నవారు దాన్ని ఇచ్చి దీన్ని తీసుకోవాలన్నారు. ఒక పత్రికలో ఒక పేరు, మ్యూజియంలో ఇంకో పేరు ఉంటే రెండూ నిజమే కావచ్చు. ఆమెను "జార్జ్ క్రాస్ పొందిన మొదటి మహిళ" అని చాలాచోట్ల రాస్తారు. 1932లోనే ఎమ్మా టౌన్సెండ్ అనే ఆవిడకు ఎంపైర్ గ్యాలంట్రీ మెడల్ వచ్చింది, దాన్నీ తర్వాత జార్జ్ క్రాస్‌గా మార్చారు. కాబట్టి "మొదటి" అన్న మాట ఎక్కడ కనిపించినా ఏ లెక్కన మొదటో అడగండి.

ఇంకా ఆలస్యంగా మారినవీ ఉన్నాయి. అమెరికా వైమానిక దళంలో పారారెస్క్యూ వైద్య సహాయకుడు విలియం పిట్సెన్‌బార్గర్ వియత్నాంలో 1966 ఏప్రిల్ 11న హెలికాప్టర్ నుంచి దిగి, చుట్టుముట్టబడిన పదాతి దళంలోని క్షతగాత్రులకు కట్లు కట్టి పైకి పంపాడు. తాను ఎక్కి వెళ్లే వీలున్నా కిందే ఉండిపోయి, ఆ రాత్రి చనిపోయాడు. వయసు 21. అప్పుడు ఇచ్చింది ఎయిర్ ఫోర్స్ క్రాస్. 2000 డిసెంబర్ 8న దాన్ని మెడల్ ఆఫ్ ఆనర్‌గా పెంచారు. అందుకున్నది తండ్రి.

అసలు ఏమీ రానివాళ్ల సంగతి కూడా రాసుకోండి. 1944 జూన్ 13న లిడియా ఆల్ఫోర్డ్, మైరా రాబర్ట్స్, ఎడ్నా బిర్క్‌బెక్ అనే ముగ్గురు నర్సింగ్ ఆర్డర్లీలు డకోటా విమానాల్లో ఫ్రాన్స్‌లోని నార్మండీకి వెళ్లి క్షతగాత్రుల్ని తీసుకొచ్చారు. పత్రికలు వీళ్లకు "ఎగిరే నైటింగేళ్లు" అని పేరుపెట్టాయి. వెళ్లేటప్పుడు ఆ విమానాల్లో సైనిక సామగ్రి ఉండేది కాబట్టి రెడ్ క్రాస్ గుర్తు వేయడానికి వీల్లేదు. ఎగిరినందుకు రోజుకు 8 పెన్నీలు అదనం. వీళ్లలో బతికున్నవాళ్లను పిలిచి సన్మానించింది 2008లో. మీ ఇంటి పెద్దాయన కాగితాల్లో ఏ శౌర్య పతకమూ దొరక్కపోతే, అక్కడ జరిగిందేమీ లేదని అర్థం కాదు. ఎవరూ సిఫారసు రాయకపోయి ఉండొచ్చు.

ఎనిమిదో అడుగు: చట్రం కింద ఏం రాయాలి

పతకాన్ని ఫ్రేము కట్టించేటప్పుడు యాసిడ్ లేని కాగితం అడగండి, జిగురు పెట్టనివ్వకండి, ఎండ పడని గోడ చూడండి. సైటేషన్ నకలు, అంచు ఫొటో, గెజెట్ పేజీ ఒక కవరులో పెట్టి ఫ్రేము వెనక అతికించండి. ముందువైపు మూడు పంక్తులు చాలు: మనిషి, సంఘటన, ఆధారం. పియర్సన్‌కి నేను రాస్తే ఇలా ఉంటుంది:

కార్పొరల్ డాఫ్నీ పియర్సన్, మెడికల్ ఆర్డర్లీ, డెట్లింగ్ స్థావరం.
1940 మే 31 రాత్రి కూలిన విమానం నుంచి పైలట్‌ను తెచ్చింది. ఇంకొకరి కోసం మళ్లీ వెళ్లింది.
ఎంపైర్ గ్యాలంట్రీ మెడల్, లండన్ గెజెట్, 1940 జులై 19. తర్వాత జార్జ్ క్రాస్‌గా మార్పు.

మా వీధివాళ్ల ఫ్రేములో రెండో పంక్తి ఇంకా ఖాళీగానే ఉంది. గెజెట్‌లో పేరు దొరికింది, ఆ రోజు ఏం జరిగిందో దొరకలేదు. అక్కడ ఏదో ఒకటి రాసేద్దామని పెద్దబ్బాయి అన్నాడు. మనవడు ఒప్పుకోలేదు. ఆ ఆకును మాత్రం రిబ్బన్ మీదే ఉంచి అద్దం బిగించారు.